సలోమి ఎడమ కాలు

1986 జూన్‌లో జిల్లా పరిషత్ వారు నన్ను పిడుగురాళ్లకు దగ్గర్లోని ఒక ఉన్నత పాఠశాలకు రెండో గ్రేడు వ్యాయామ ఉపాధ్యాయినిగా బదిలీ చేశారు. కాగితాల మీద పి.ఇ.టి. అని రాసేవారు. ఊళ్లో మాత్రం డ్రిల్లు టీచరమ్మ అనేవారు. స్టాఫ్ రూములో కుర్చీల వరస కూడా హోదాను బట్టే ఉండేది. హెడ్మాస్టరు గారి గది గోడకు ఆనుకుని లెక్కల, సైన్సు అసిస్టెంట్లు, వాళ్ల తర్వాత తెలుగు, హిందీ పండితులు, ఆ తర్వాత సెకండరీ గ్రేడు వాళ్లు కూర్చునేవారు. చివర్లో బంతుల బీరువా పక్కన నా కుర్చీ. డ్రిల్లు పీరియడ్లు, సాయంత్రం ఆటలు, ఆగస్టు పదిహేను కవాతు నా బాధ్యత. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల తరగతిలో కూర్చోవడం కూడా నా పనే.

నాది తెనాలి వైపు. అక్కడి మెత్తటి నల్లమట్టి మీద ఆడి పెరిగినదాన్ని. ఇక్కడి స్కూలు మైదానంలో పైన వేలెడు మట్టి, దాని కింద సుద్దరాయి. వాన పడినా నీళ్లు ఇంకేవి కావు. ఆ నేల సంగతి నేను మొదట్లో పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

ఆ ఏడాది డిసెంబరులో మహిళా కానిస్టేబుళ్ల ఎంపికకు ప్రకటన వచ్చింది. మార్చి మధ్యలో గుంటూరులో దేహదారుఢ్య పరీక్షలు. ముందు ఎత్తు కొలుస్తారు. ఆ తర్వాత వంద మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, అంటే ఇనుప గుండు విసరడం. మూడింటిలోనూ నెగ్గాలి. ఒక్కదాంట్లో తప్పినా ఇంటికే.

ప్రకటన వచ్చిన నాలుగో రోజున ఒక నడివయసు ఆవిడ, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పక్కన ఉన్న అమ్మాయి మణికట్టు పట్టుకుని మైదానంలోకి వచ్చింది. వాళ్ల జుట్టు మీద, కనుబొమల మీద సున్నం ధూళి తెల్లగా పేరుకుని ఉంది. ఆవిడ పేరు ఎలీశమ్మ. సున్నం బట్టీలో పని.

“టీచరమ్మా, ఇది మా కోడలు సలోమి. పది పాసయ్యింది. దీన్ని పోలీసుల్లో చేర్పిద్దామనుకుంటన్నా. ఎట్టా పరిగెత్తాలో, ఎట్టా దూకాలో నువ్వు నేర్పు. మిగతాది నేను చూసుకుంటా” అంది.

మిగతాది అంటే ఏమిటో తర్వాత తెలిసింది. అత్తా కోడళ్లిద్దరూ ఒకే బట్టీలో రాతి గంపలు మోసేవాళ్లు. కోడలు పొద్దున్నే నా దగ్గరికి వచ్చే రోజుల్లో ఆమె వంతు గంపలు కూడా అత్తగారే మోస్తానని మేస్త్రీతో ఒప్పందం చేసుకుంది. సలోమి భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. కోడలికి ఇరవై ఒకటో ఏడు. “నా ఊపిరితిత్తులు ఎట్టాగూ సున్నం కొట్టుకుపోయినయ్. దీనివన్నా మిగలాల” అని ఎలీశమ్మ ఒకసారి నాతో అంది. ఆ మాట మామూలుగానే, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

వారంలో ఇంకో ముగ్గురు వచ్చి చేరారు. వాళ్లలో కోటేశ్వరి అనే అమ్మాయి ఇంటర్ చదివింది. తండ్రికి బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు. హెడ్మాస్టరు గారు పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా మైదానం వాడుకోవడానికి రెండు వాక్యాల అనుమతి పత్రం రాసిచ్చారు. డిసెంబరు మూడో వారంలో మొదలుపెట్టాం.

మొదటి రోజు నాలుగు రౌండ్ల పరుగు, గుంజీలు, మెట్ల మీద గెంతులు చేయించాను. మూడో రోజు పొద్దున ముగ్గురే వచ్చారు, సలోమి తప్ప మిగతా ఇద్దరూ కర్రల్లా బిగుసుకుపోయి. కింద కూర్చోమంటే ఆ ఇద్దరూ గోడ పట్టుకుని దిగారు. కాసేపటికి రిక్షా ఒకటి మైదానం గేటు దగ్గర ఆగింది. అందులోంచి కోటేశ్వరి తల్లి నాగరత్నమ్మ దిగి, కూతుర్ని దించింది.

“ఏంది టీచరమ్మా ఇది? నా బిడ్డ రాత్రంతా ఏడుస్తానే ఉంది. కాళ్లు చచ్చుబడిపోయినయ్. పెళ్లి కావలసిన పిల్ల, కాళ్లు విరగ్గొట్టి పంపిస్తావా?” అని గేటు దగ్గరి నుంచే అందుకుంది.

ఆవిణ్ణి కూర్చోబెట్టి, కోటేశ్వరి తొడలు రెండింటినీ ఆవిడ చేత్తోనే నొక్కించాను. రెండూ ఒకేలా నొప్పి. నొప్పి తొడ కండలో, పిక్క కండలో పరుచుకుని ఉంది. ఇదీ అని వేలితో చూపించే చోటంటూ లేదు. కీలు దగ్గర లేదు, ఎముక మీద లేదు. వాపు లేదు. తర్వాత కోటేశ్వరిని మెల్లగా నడవమన్నాను. మొదటి రౌండు తల్లిని తిడుతూ, రెండో రౌండు నన్ను తిడుతూ నడిచింది. మూడో రౌండుకు తిట్లు ఆగిపోయాయి. ఒంట్లో వేడి పుట్టేసరికి బిగువు సడలింది.

అలవాటు లేని పని చేసినప్పుడు కండ పట్టేయడం ఇలాగే ఉంటుంది. చేసిన రోజున పెద్దగా తెలియదు. రెండో రోజు, మూడో రోజు మహా బాధ. అయిదో రోజుకు తగ్గుముఖం. వ్యాయామ శిక్షణ కళాశాలలో మాకు దీనికి కారణం కండలో ఆమ్లం పేరుకోవడమని చెప్పారు. అది సరి కాదని, కండ పోగులు సన్నగా చిట్లి మళ్లీ అతుక్కోవడమే కారణమని చాలా ఏళ్ల తర్వాత చదివాను. కారణం తప్పుగా తెలిసినా లక్షణాలు మాత్రం మాకు సరిగానే నేర్పారు. శనివారం నాటికి కోటేశ్వరి గుంజీలు తీస్తోంది. నాగరత్నమ్మ ఆదివారం నాడు మా ఇంటికి ఉప్మా పంపింది.

ఆ వారం నేను గెలిచాను. ఆ గెలుపే నన్ను తర్వాత తప్పుదారి పట్టించింది. నొప్పి అంటూ ఎవరు వచ్చినా, “ఒళ్లు నొప్పులే, పరిగెత్తితే పోతాయి” అనడం అలవాటైపోయింది.

సలోమి మాత్రం మొదటి వారంలో కూడా ఒక్క మూలుగు మూలగలేదు. గంపలు మోసిన కాళ్లు, నడుము, భుజాలు. ఇనుప గుండు తీసుకుంటే చేతిలో బత్తాయిలా కనిపించేది. మూడో వారానికే వంద మీటర్లలో మిగతా ముగ్గురినీ బాగా వెనక వదిలేసింది. లాంగ్ జంప్‌లో ఇసుక గుంట ముందున్న చెక్క పలకను ఎడమ కాలితో తన్ని లేచేది. జంప్‌కు ముందు ఏ కాలితో నేలను తన్ని గాల్లోకి లేస్తామో దాన్ని టేకాఫ్ కాలు అంటాం. మనిషికి కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో ఉన్నట్టే టేకాఫ్ కాలు కూడా ఏదో ఒకటే ఉంటుంది. ఆమెది ఎడమ.

ఆ వేగం చూసి నాకు ఆశ పుట్టింది. జనవరి మొదట్లో ఆమె ఒక్కదానికి రౌండ్లు రెట్టింపు చేశాను. ఆ సుద్దరాయి నేల మీద, ఉత్త కాళ్లతో.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక సోమవారం పొద్దున సలోమి, “ఎడమ కాలు కొంచెం పట్టేసినట్టుంది టీచర్” అంది. ఆమె నోటి నుంచి నొప్పి మాట రావడం అదే మొదలు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. “ఒళ్లు నొప్పులే. ఇంకో రెండు రౌండ్లు వెయ్యి, పోతుంది” అన్నాను. వేసింది. ఆ తర్వాత పది రోజులు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా మైదానం పక్కనే పశువుల మేత బీడులో వీరయ్య అనే రైతు బండలాగుడు పందేలకు ఎద్దుల్ని తయారు చేసేవాడు. అరవై దాటిన మనిషి. తెల్లారేసరికి ఒంగోలు జత ఎద్దుల్ని కట్టి, రాతి బండ లాగించి, ఏడింటికల్లా కాలువకు తోలుకుపోయేవాడు. రోజూ ఎదురుపడుతున్నా తల ఊపడమే తప్ప మాటల్లేవు. జనవరి ఆఖరి వారంలో ఒక రోజు ఎద్దుల్ని తోలుకెళ్తూ తాడు బిగబట్టి ఆగాడు.

“ఆ పొడుగు పిల్ల ఎడమ కాలు దాస్తంది, చూశావా టీచరమ్మా?” అన్నాడు.

దాచడమేమిటని అడిగాను.

“అడుగులు చూడు. కుడి కాలు నేల మీద నింపాదిగా పెడతంది. ఎడమది ఆనీ ఆనకముందే తీసేస్తంది. నిప్పు మీద పెట్టినట్టు.”

గీతల కోసం చల్లిన సున్నం పొడి మీద అడుగులు అచ్చుపడి ఉన్నాయి. వెళ్లి చూశాను. కుడి పాదం నిండుగా ఉంది. ఎడమ పాదం మునివేళ్లు, అంచు మాత్రమే. రోజూ నేను గడియారం చూసుకుంటూ నిలబడేది అక్కడికి పదడుగుల దూరంలోనే.

ఒళ్లు నొప్పులనుకున్నానని వీరయ్యకు చెప్పాను. ఆయన నవ్వలేదు, వెక్కిరించలేదు. “ఎద్దు నోరు తెరిచి చెప్పదు గదమ్మా. అందుకని మేం చూసి నేర్చుకుంటాం. పని నొప్పయితే రెండు పక్కలా పడతది, నాలుగడుగులు నడిస్తే సాగతది. దెబ్బయితే ఒక పక్కే పడతది, నడిచేకొద్దీ పెరగతది. సాగేదాన్ని తోలు. పెరిగేదాన్ని కట్టెయ్” అని, ఎద్దుల్ని అదిలించి వెళ్లిపోయాడు.

సలోమిని పిలిచి బల్ల మీద కూర్చోబెట్టాను. మోకాలి కింద ముందు వైపు ఎముక వెంబడి పైనుంచి కిందికి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. చీలమండకు జానెడు పైన, లోపలి అంచు మీద, రూపాయి బిళ్లంత చోటికి వేలు చేరగానే ఆమె కాలు లాక్కుంది. కుడి కాలి మీద అదే చోట ఎంత నొక్కినా ఏమీ లేదు. ఎడమ కాలి మీద ఒంటికాలితో గెంతమన్నాను. ఒక్క గెంతు గెంతి, నా భుజం పట్టుకుంది.

“ఎప్పటినుంచి?”

“మీకు చెప్పిన రోజుకి ముందు నుంచీ టీచర్. మొదట్లో పరిగెత్తేటప్పుడే. ఇప్పుడు పడుకున్నా సలుపుతంది.”

“మళ్లీ చెప్పలేదేం?”

“మీరు ఒళ్లు నొప్పులన్నారు గదా. అత్త రెండు వంతులు మోస్తంది. ఒళ్లు నొప్పులని నేనెట్టా మానేది?”



మర్నాడు సెలవు పెట్టి, అత్తా కోడళ్లను వెంటబెట్టుకుని బస్సులో నరసరావుపేట వెళ్లాను. అక్కడ ఎముకల డాక్టరు ఒకాయన ఉండేవారు. ఎక్స్‌రే తీయించి, ఫిల్మును లైటుకు ఎదురుగా పెట్టి చాలాసేపు చూశారు. ఎముకలో ఏమీ కనపడడం లేదన్నారు. నేను నా వేలికి తగిలిన చోటు, గెంతు పరీక్ష, అడుగుల సంగతి చెప్పాను. ఆయన తనే మళ్లీ నొక్కి చూశారు. కాలు మళ్లీ వెనక్కి పోయింది.

పట్టాళంలో కొత్తగా చేరి కవాతు చేసేవాళ్ల ఎముకల్లో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయనీ, అవి మొదట ఫిల్ములో పడవనీ, ఎముక అతుక్కోవడం మొదలుపెట్టాక ఆ అతుకే కనపడుతుందనీ ఆయన వివరించారు. ఇది అదో కాదో ఇప్పుడు చెప్పలేనన్నారు. అదే అయి, పరుగు ఆపకపోతే ఎముక నిలువునా విరగవచ్చు. కాకపోతే, ఆపినందువల్ల పరీక్షకు తయారయ్యే సమయం పోతుంది. మూడు వారాల తర్వాత మళ్లీ తీద్దామన్నారు. ఈలోగా ఏం చేయాలన్నది మీరే ఆలోచించుకోండని ముగించారు.

పరీక్షకు ఆరు వారాల చిల్లర మిగిలి ఉంది. బస్టాండులో నిలబడి, రేపటి నుంచి పరుగు బంద్ అని చెప్పాను.

ఎలీశమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. “ఫిల్ములో ఏం లేదన్నాడు గదా డాక్టరు. నా చెవులతో నేను విన్నా. నెలన్నర నుంచి దాని గంపలు గూడా నేనే మోస్తన్నా. ఇప్పుడు పరిగెత్తొద్దంటే నా కష్టం ఏమవ్వాల?”

ఆవిడ మాటలో తప్పు లేదు. ఫిల్ము ఆవిడ పక్షాన ఉంది. నా పక్షాన నా బొటనవేలు, ఒక ఎద్దుల రైతు మాట తప్ప ఏమీ లేవు. నేను పొరపాటు పడితే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. ఆవిడ పొరపాటు పడితే కాలు పోతుంది. అదే చెప్పాను. “పరుగు లేకుండా తయారు చేసే దారి వెతుకుతాను. మూడు వారాలు నాకివ్వండి. పది రోజుల కింద నా మాట వల్లే ఇంతదాకా వచ్చింది, ఆ తప్పు నాది” అన్నాను.

ఎలీశమ్మ కోడలి వైపు తిరిగింది. “నువ్వేమంటావే?”

సలోమి వంగి ఎడమ కాలు తడుముకుంది. “టీచర్ నొక్కినప్పుడు ఎముక లోపల అరిచినట్టయ్యింది అత్తా. ఆపుదాం” అంది.

 బస్సులో ఎలీశమ్మ కోడల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎడమ కాలును తన ఒళ్లో పెట్టుకుని పిడుగురాళ్ల దాకా అలాగే కూర్చుంది.

దారి వెతుకుతానని గట్టిగానే చెప్పాను గానీ, నాకు తోచిన దారి ఏమీ లేదు. మర్నాడు వీరయ్య దగ్గరికే వెళ్లాను. కాలు నొచ్చిన ఎద్దును పందెం దాకా ఎలా నిలుపుతావని అడిగాను. కాలువలో ఈదిస్తానన్నాడు. బరువు నీళ్లు మోస్తాయి, కండలు మాత్రం పని చేస్తాయి, ఊపిరి తగ్గదు అన్నాడు.

మా ఊరి పక్కనుంచి సాగరు కాలువ మేజరు, అంటే పెద్ద పిల్లకాలువ, పోతుంది. రెండో పంటకు నీళ్లు వదిలి ఉన్న రోజులు. ఎద్దుల రేవు దగ్గర ప్రవాహం నెమ్మది, లోతు మనిషి మెడ దాకా. సలోమి నడుముకు ఎద్దుల పగ్గం కట్టి, దాని కొస వీరయ్య గట్టు మీద ఒక రాయికి చుట్టి పట్టుకున్నాడు. ఆమె ప్రవాహానికి ఎదురుగా, పాదాలు నేలకు ఆనకుండా, పరిగెత్తుతున్నట్టే కాళ్లూ చేతులూ ఆడించాలి. నేను గట్టు మీద విజిల్ పట్టుకుని నిలబడ్డాను. ఇరవై లెక్కపెట్టేదాకా పూర్తి వేగం, నలభై లెక్కపెట్టేదాకా నెమ్మది. మొదటి రోజు ఆరుసార్లకే ఆమె రొప్పుతూ గట్టెక్కింది. కాలి నొప్పి ఎలా ఉందని అడిగితే, కాలు గుర్తే లేదంది.

చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. పోలీసు ఉద్యోగానికి పరిగెత్తమంటే టీచరమ్మ ఎద్దులతో పాటు ఈదిస్తోందని ఊరంతా పాకింది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, నీళ్లలో ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరని అడిగారు. నాదేనని కాగితం రాసిచ్చాను.

రెండో సమస్య లాంగ్ జంప్. ఎడమ కాలు నయమైనా, మొదట్లోనే దాంతో పలక తన్నించడం ప్రమాదం. టేకాఫ్ కాలు మార్చాలి. ఆరు వారాల్లో అది కుదరదని నా శిక్షణ చెబుతోంది. కానీ వేరే మార్గం లేదు. మూడు వారాల పాటు నిలబడ్డ చోటే కుడి కాలితో లేచే పద్ధతి నేర్పాను. ఒక్క అడుగు, మెత్తటి ఇసుక గుంటలో దిగడం, అది కూడా కూర్చున్నట్టు. మొదట్లో ఆమె గాల్లో తికమకపడి పక్కకు పడేది. కోటేశ్వరి నవ్వేది, సలోమి కూడా నవ్వేది. ఇనుప గుండును బల్ల మీద కూర్చుని విసిరించాను. కాళ్ల ఊతం లేకుండా విసరడం వల్ల భుజాల బలం ఇంకా పెరిగింది. తర్వాత నిలబడి విసిరినప్పుడు గుండు మా గీతలన్నీ దాటి గోగు మొక్కల్లో పడింది.

ఫిబ్రవరి మూడో వారంలో మళ్లీ నరసరావుపేట వెళ్లాం. డాక్టరు గారు కొత్త ఫిల్మును పాతదాని పక్కన పెట్టారు. పెట్టగానే మమ్మల్ని దగ్గరికి పిలిచి పెన్నుతో చూపించారు. ఎముక లోపలి అంచున, సరిగ్గా నా వేలు ఆగిన చోట, చిన్న దూదిపింజలాంటి తెల్లటి మచ్చ. పగులు నిజమే. అది అతుక్కుంటోంది. పరుగు ఆపకపోయుంటే ఈపాటికి ఏమయ్యేదో ఆయన చేతులతో పుల్ల విరిచినట్టు చూపించారు.

ఎలీశమ్మ ఆ ఫిల్మును అడిగి తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుగులో చాలాసేపు చూసింది. తిరిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. “ఫిల్ము కంటే ముందు నీ వేలు చూసింది టీచరమ్మా” అంది. ముందు చూసింది వీరయ్య అని సరిదిద్దాను. అది ఆమె ఒప్పుకోలేదు.

ఆ రోజు నుంచి మెట్టు మెట్టుగా పెంచాం. ముందు వారం రోజులు ఉత్త నడక, బట్ట బూట్లతో. తర్వాత కాలువ గట్టు మీది గడ్డిలో వంద అడుగులు నడక, వంద అడుగులు పరుగు. సుద్దరాయి నేల మీదికి మళ్లీ వెళ్లనివ్వలేదు. రోజూ మొదలుపెట్టే ముందూ, అయిపోయాకా ఎముక మీద వేలు పెట్టి చూసేదాన్ని. మూడో రోజు కాస్త కలుక్కుమంది. రెండు రోజులు వెనక్కి తగ్గి, మళ్లీ ఎత్తుకున్నాం. ఆ తర్వాత ఆ చోటు మామూలు ఎముకలాగే ఊరుకుంది.

మార్చి మొదటి వారంలో, పూర్తి పరుగుతో కుడి కాలి జంపులు మొదలుపెట్టిన మర్నాడు కాక ఆ మర్నాడు, సలోమి కుంటుకుంటూ వచ్చింది. నేను పరుగున ఎదురెళ్లి ఎడమ కాలు పట్టుకోబోయాను. ఆమె మాత్రం చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

“ఉండండి టీచర్, నేనే చూసుకున్నా. రెండు తొడలూ నొస్తన్నయ్, కుడిది కాస్త ఎక్కువ. కండలోనే, ఎముకలో లేదు. వేలితో చూపించమంటే చూపించలేను, అంతటా ఉంది. ఇంటి నుంచి నడిచి వచ్చేసరికి సగం సాగింది. ఇవి ఒళ్లు నొప్పులే.”

అయినా నేనూ నొక్కి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు పని ఆపలేదు, కాస్త తగ్గించాను. నా ఉద్యోగంలో ఎవరికైనా ఏదైనా పూర్తిగా నేర్పానని నాకు నమ్మకం కలిగిన రోజు అదే.

గుంటూరు పోలీసు పరేడు మైదానంలో పొద్దున ఏడింటికి పేర్లు పిలిచారు. మా నలుగురిలో ఒకమ్మాయి ఎత్తు కొలత దగ్గరే వేలి మందంతో తప్పిపోయింది. మిగతా ముగ్గురికీ ఛాతీకి నంబరు గుడ్డలు కుట్టారు. బయటివాళ్లను తాడు అవతలే ఉంచారు. నేను ఆ తాడు పట్టుకుని నిలబడ్డాను.

పరుగులో ఎనిమిదేసి మందిని వదులుతున్నారు. సలోమి అయిదో వరుస నుంచి లేచింది. సగం దూరం దాకా నేను ఆమె మొహం చూడలేదు, పాదాలే చూశాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండూ నిండుగా ఆనుతున్నాయి. తలెత్తేసరికి ఆమె ముందు ఎవరూ లేరు. గడియారం పట్టుకున్న హెడ్ కానిస్టేబుల్ పక్కవాడికి తన గడియారం చూపించి నవ్వాడు. కోటేశ్వరి నాలుగోదిగా వచ్చినా నిర్ణీత సమయంలోనే దాటింది. వచ్చి గడ్డిలో పడి, “అమ్మా” అని అరిచి, తర్వాత ఒకటే నవ్వు.

ఇనుప గుండు గురించి చెప్పుకోవలసింది తక్కువ. సలోమి విసిరినప్పుడు టేపు పట్టుకున్నవాడు వెనక్కి నాలుగడుగులు పరిగెత్తవలసి వచ్చింది.

ఇక జంప్. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. సలోమి పరుగు దూరం అడుగులతో కొలుచుకుని, గుర్తుగా ఒక గులకరాయి పెట్టుకుంది. కుడి కాలి కోసం మేం కొత్తగా లెక్క కట్టిన దూరం అది. పాత అలవాటు ఒక్క అడుగులో తిరగబెడితే ఎడమ కాలు పలక మీద పడుతుంది. అదొక్కటే నా భయం. ఆమె పరిగెత్తింది. కుడి పాదం పలక మధ్యలో టప్‌మని మోగింది. గాల్లో మోకాళ్లు ఛాతీ దాకా లేచాయి. దాటవలసిన గీత, ఆమె ఇసుకలో దిగిన చోటికి మూరెడు వెనకే ఉండిపోయింది. తెల్ల జెండా ఊపారు. మిగతా రెండు అవకాశాలు వాడుకుంటావా అని ఇన్‌స్పెక్టరు అడిగారట. అక్కర్లేదండి అని చెప్పి, నేరుగా తాడు దగ్గరికి వచ్చి, ఎడమ కాలు ఎత్తి నా ముందు పెట్టింది. అంతమంది పోలీసుల ఎదుట నేను వంగి ఎముక మీద వేలు నడిపించాను. పైనుంచి కింది దాకా ఎక్కడా ఏమీ లేదు.

కోటేశ్వరి రెండో ప్రయత్నంలో నెగ్గింది. మూడో అమ్మాయి కూడా. నలుగురు వెళ్లి ముగ్గురు నెగ్గారు. ఎత్తులో తప్పిన అమ్మాయి తర్వాత అంగన్‌వాడీలో చేరింది.

నియామకపు ఉత్తర్వు జులైలో రిజిస్టరు పోస్టులో వచ్చింది. సలోమి వాళ్ల పేటలో ఇళ్లకు నంబర్లు లేవు గనక చిరునామా స్కూలుదే ఇచ్చాం. పోస్ట్‌మన్ నా చేతికివ్వకుండా ఆమెకు కబురు పెట్టించి, సంతకం చేయించుకుని మరీ ఇచ్చాడు. ఆమె చదువుకుంది. ఇద్దరం నడుచుకుంటూ బట్టీకి వెళ్లాం.

ఎలీశమ్మ తల మీద గంపతో బట్టీ వాలు సగం ఎక్కి ఉంది. కింద నుంచి సలోమి కవరు పైకెత్తి చూపించింది. ఎలీశమ్మ దిగి రాలేదు. పైదాకా ఎక్కి, గంప కుమ్మరించి, కొంగుతో మొహం తుడుచుకుని, అక్కడి నుంచే అరిచింది.

“ఒరేయ్ మేస్త్రీ! రేపటి నుంచి మా కోడలి వంతుకి వేరే మనిషిని చూసుకో. అది పోలీసయ్యింది!”

కింద గంపలు పట్టుకున్న ఆడవాళ్లంతా ఒక్కసారి కేకలేశారు. ఎవరో ఖాళీ గంప గాల్లోకి విసిరారు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేశాను. గ్రేడు పెరిగింది, ఫిజికల్ డైరెక్టరుగా విరమించాను. ఈ ఉదంతం నా పనిలో మార్చింది ఒకటే. నొప్పి ఎంత ఉందని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు ఓర్చుకునేవాళ్లు తక్కువ చెబుతారు, ఓర్చుకోలేనివాళ్లు ఎక్కువ చెబుతారు. దానివల్ల తెలిసేదేమీ లేదు. ఎక్కడ, ఒక పక్కా రెండు పక్కలా, కదిలితే తగ్గుతోందా పెరుగుతోందా, ఎన్ని రోజులైంది, పడుకున్నా ఉందా అని అడిగేదాన్ని. జవాబు విన్నాక వేలు పెట్టి చూసేదాన్ని, నాలుగడుగులు నడిపించి చూసేదాన్ని. ఎప్పుడూ నొప్పి చెప్పని మనిషి ఒక్కసారి చెబితే, ఆ రోజు మిగతా పనంతా ఆపి ముందు ఆ మనిషిని చూసేదాన్ని.